ఎనిమిదో పేజీలో ఆరు లైన్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట నేను అనడం లేదు. మా పిన్ని అంటుంది, నాకు వయోలా నేర్పే మేడమ్ అంటుంది, కిందటి వారం జిరాక్స్ షాపాయన కూడా అన్నాడు. అందుకే మా సంగీత కళాశాల విద్యార్థుల పత్రికకి ఈ ఏడు నన్ను సంపాదకురాలిగా పెట్టారంటే, అందులో నా ప్రతిభ కన్నా నా నోటి పాత్రే ఎక్కువని నాకు బాగా తెలుసు. రాస్తాం రాస్తాం అని తప్పించుకు తిరిగేవాళ్ళ చేత రాయించాలంటే కాస్త అరిచే మనిషి కావాలి కదా.

పత్రిక ఏమంత పెద్దది కాదు. నాలుగు పెద్ద కాగితాల్ని మధ్యకి మడిచి రెండు పిన్నులు కొడితే పదహారు పేజీలు. దాన్ని డిజైన్ చేసేది స్కేలు. ఆ అమ్మాయికి వేరే పేరుంది గానీ, ఎప్పుడు చూసినా జుట్టు ముడిలో ఒక ప్లాస్టిక్ స్కేలు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి లెక్చరర్లు కూడా అలాగే పిలుస్తారు. ఫ్లూటు నేర్చుకోవడానికి చేరింది. మూడేళ్ళలో ఫ్లూటు పట్టుకున్న దానికన్నా ఆ స్కేలు పట్టుకున్నదే ఎక్కువ.

మా మొదటి సమావేశం నాలుగో నంబరు ప్రాక్టీసు గదిలో జరిగింది. పియానో మూత మీద పాత కాగితాలు మడిచి చేసిన నమూనా పెట్టి, పేజీ పేజీకీ పెన్సిల్‌తో అంకెలు వేస్తోంది స్కేలు.

"ప్రాక్టీసు గదుల మీద సమీక్షకి రెండు పేజీలు కావాలి" అన్నాను.

"రెండు పేజీలా? ఇవేమైనా హోటలు గదులా?"

"హోటలయితే బాగుండేది. రెండో గదిలో పియానో మీద ఒక కీ నొక్కితే మళ్ళీ లేవదు. ఆరో గదిలో మనం వాయించింది తప్ప పక్కవాడి ట్రంపెట్ అంతా వినిపిస్తుంది. కొత్తగా చేరే పిల్లలకి ఇవన్నీ ఎవరు చెప్తారు?"

"ఒక పేజీ ఇస్తాను."

"ఒకటిన్నర."

"మరి మిగిలిన అరలో ఏం వేస్తావ్, నీ ముఖమా?"

"వేస్తానంటే నాకేం అభ్యంతరం లేదు."

ఇలా కిందా మీదా పడి సాయంత్రానికి పదహారు పేజీలూ పంచుకున్నాం. మొదటేడాది వాళ్ళ ఉత్తరాలు, పదకేళి, వార్షిక కచేరీ కార్యక్రమం, పాత వాయిద్యం కొనేటప్పుడు ఎక్కడ తట్టి చూడాలో చెప్పే వ్యాసం. సరిగ్గా మధ్యలో పిన్నుల దగ్గర తెరుచుకునే ఎనిమిది, తొమ్మిది పేజీలు మాత్రం బుడ్డికి. బుడ్డి పియానో వాయిస్తుంది. పద్నాలుగేళ్ళకే మా కాలేజీలో సీటు తెచ్చుకుంది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళొచ్చాయి, నా కన్నా అరచెయ్యి పొడుగు, అయినా బుడ్డే. ఈ ఏడుతో చదువు పూర్తి చేసి వెళ్ళిపోతోంది. వచ్చే వారం వార్షిక కచేరీలో ఆఖరుసారి వాయిస్తుంది.

ఇక్కడ మా బాబాయి గురించి చెప్పాలి. మా అమ్మానాన్నల ఉద్యోగాలు దూరంగా ఉండడం వల్ల చదువుకోసం నేను బాబాయి, పిన్నిల ఇంట్లో ఉంటున్నాను. బాబాయి మా కాలేజీ సంగీత గ్రంథాలయం చూసుకుంటాడు. అంటే సంగీతం రాసి ఉన్న కాగితాలు పిల్లలకి ఇవ్వడం, వెనక్కి పుచ్చుకోవడం, చిరిగితే అతికించడం, వాళ్ళు పిచ్చి పిచ్చిగా గీసిన పెన్సిల్ గీతలు రబ్బరుతో చెరపడం. ఆయన బల్ల మీద ఎప్పుడూ రబ్బరు పొట్టు ఉంటుంది. దానితో పాటు చాలా ఏళ్ళు ఇంకో పని కూడా చేశాడు. కచేరీల్లో పియానో పక్కన కూర్చుని పేజీలు తిప్పేవాడు. వాయించేవాళ్ళకి రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా. తల కాస్త ఊపగానే, మరీ ముందూ కాకుండా మరీ ఆలస్యమూ కాకుండా, చప్పుడు లేకుండా పేజీ తిరగాలి.

ఆ చేతి అలవాటు వల్లే మా పత్రికకి ఒక ఆచారం ఏర్పడింది. నేను చేరడానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ ఉన్నదే. అచ్చుకి పంపే ముందు పేజీలన్నీ బాబాయి దగ్గరికి వెళ్ళాలి. దీన్ని తిప్పుడు పరీక్ష అంటాం. సంగీతం రాసేవాడు తెలివైనవాడైతే కుడి పేజీని వాయించేవాడి చెయ్యి ఖాళీ అయ్యే చోటే ముగిస్తాడని, వ్యాసం కూడా అంతేనని బాబాయి సిద్ధాంతం. కుడి పేజీ చివర వాక్యం సగంలో విరిగితే పక్కన పెన్సిల్‌తో "ఇక్కడ చదివేవాడికి ఊపిరాడదు" అని రాస్తాడు. ఎడమ పేజీల జోలికి రాడు. ఎడమ పేజీ అయ్యాక కన్ను పక్క పేజీలోకి వెళ్తుంది, అంతే. తిప్పే పని ఉండదు.

అలాంటి మనిషి రెండేళ్ళ కిందట వార్షిక కచేరీలో, అందరూ చూస్తుండగా, రెండు పేజీలు కలిపి తిప్పేశాడు.

పియానో మీద బుడ్డి, మిగతా నలుగురం తీగ వాయిద్యాల మీద. నాకు అది మొదటి కచేరీ. పదిహేను నిమిషాలు బ్రహ్మాండంగా వాయించాం. ఉన్నట్టుండి పియానో ఒక దారి, మేమొక దారి అయిపోయాం. ఎవరు ఎక్కడున్నారో అర్థం కాక ఒక్కొక్కరమే ఆగిపోయాం. బాబాయి లేచి నిలబడి, "క్షమించాలి, పేజీలు అంటుకుపోయాయి" అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టి పూర్తిచేశామనుకోండి, కానీ ఆ పూట అందరికీ గుర్తుండిపోయింది ఆ ఆగిపోవడమే. ఆ తర్వాత బాబాయిని స్టేజీ మీదికి ఎవరూ పిలవలేదు. బయటి నుంచి మనిషిని తెప్పించడం మొదలుపెట్టారు. పిల్లలు ఆయనకి "రెండు పేజీలు" అని పేరు పెట్టారు. రెండు పేజీలు ఉన్నాడా, రెండు పేజీలు టీకి వెళ్ళాడా, ఇదీ వరస.

నేనేం చేశానో కూడా చెప్పాలి. ఆ పూట ఇంటికి రాగానే, అన్నం పళ్ళెం ముందు కూర్చున్న మనిషిని పట్టుకుని, "రెండు కాగితాలు విడదీయడం రానివాడివి స్టేజీ ఎందుకెక్కావ్? నా మొదటి కచేరీ తగలేశావు" అన్నాను. పిన్ని నా మీద గుడ్లురిమింది. బాబాయి మాత్రం "అవునమ్మా, అంటుకుపోయాయి" అని అన్నం కలుపుకున్నాడు. ఆ మరుసటి వారం క్యాంటీన్‌లో ఎవరో ఆ పేరుతో జోకేస్తే అందరితో పాటు నేనూ నవ్వాను. ఆయన మా బాబాయని అప్పటికింకా చాలామందికి తెలియదు. చెప్పాలనీ అనిపించలేదు.

సరే, బుడ్డి ఇంటర్వ్యూ. క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. ఫోనులో రికార్డు చేస్తున్నాను. ఎన్ని గంటలు సాధన చేస్తావు, చేతులు నొప్పి పుడితే ఏం చేస్తావు, ఇలాంటివన్నీ అయ్యాయి. ప్లేటులో బిస్కెట్లన్నీ తనే తినేసి, చేతులు దులుపుకుంది.

"ఒకటి చెప్తాను. మార్చకుండా వేస్తావా?"

"తప్పులుంటే దిద్దుతాను, అంతే."

"రెండేళ్ళ కిందట కచేరీలో తప్పు నాది."

నేను ఫోను వైపు చూశాను, రికార్డవుతోందో లేదో అని.

"మధ్యలో వచ్చిన ముక్కే చివర్లో మళ్ళీ వస్తుంది కదా, కొంచెం తేడాతో. నా వేళ్ళు ఇదే అదనుకుని అటు దూకేశాయి. నాకు తెలియను కూడా తెలియలేదు. సార్‌కి తెలిసింది. నేనెక్కడికి పోయానో పట్టుకుని, గబుక్కున రెండు పేజీలు తిప్పి సరిగ్గా అది తెచ్చి నా ముందు పెట్టారు. మీరు నలుగురూ పాత చోటే ఉన్నారు. ఆగిపోయాం. నేను నోరు తెరిచేలోపే సార్ లేచి క్షమించమన్నారు."

"మరి రెండేళ్ళు ఎందుకు చెప్పలేదే?"

"నా సీటు ఉంచాలా తీసేయాలా అని తేల్చడానికి ఆ మర్నాడే కాలేజీ వాళ్ళు కూర్చున్నారు. భయమేసింది. ఆ తర్వాత సిగ్గేసింది. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. ఇప్పుడు కూడా చెప్పకుండా వెళ్ళిపోతే ఇంక ఎప్పటికీ చెప్పను. వేసెయ్."

మామూలుగా అయితే నేను ఇల్లు పీకి పందిరేయాల్సిన సందర్భం. బుడ్డి మీద అరవడానికి నోరు తెరిచాను కూడా. కానీ అది రెండేళ్ళూ ఊరుకుంది, అంతే. నేను ఊరుకోలేదు కదా, నోటికొచ్చినవన్నీ అన్నాను. తల కొట్టేసినట్టయి ఫోను తీసుకుని లేచొచ్చేశాను.

ఇంటర్వ్యూ అంతా ఆ రోజే రాసేశాను. ఆ సంగతి సరిగ్గా ఆరు లైన్లయింది. ఎనిమిదో పేజీ చివర కూర్చుంది. ఆరు లైన్లూ అచ్చయితే చాలు, కాలేజీ మొత్తం చదువుతుంది, బాబాయి పేరు మీద మచ్చ పోతుంది, మళ్ళీ ఆయన్ని స్టేజీ మీదికి పిలుస్తారు. నాకు కావలసింది అదే. మిగతా ఏ పేజీ ఎలా ఉన్నా నాకు ఒకటే అయిపోయింది. ప్రాక్టీసు గదుల సమీక్షని స్కేలు ముప్పావు పేజీకి కోసేసినా కిక్కురుమనలేదు. స్కేలు నా నుదురు ముట్టుకుని జ్వరమేమోనని చూసింది.

ఇంట్లో బాబాయికి మాత్రం ఏమీ చెప్పలేదు. రోజూ పొద్దున ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వెళ్తాం, అయినా నోరు పెగల్లేదు. తిప్పుడు పరీక్షకి పేజీలు ఎలాగూ వెళ్తాయి, అందులో చూసుకుంటాడులే అనుకున్నాను. పిరికిదాన్ని. అరిచేవాళ్ళంతా ధైర్యవంతులనుకుంటారు గానీ, అది వట్టి మాట.

పేజీలు ఆయనకి ఇచ్చిన మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చాయి. మరుసటి ఉదయం పదింటికల్లా ప్రెస్సుకి ఇవ్వాలి. నాలుగో గదిలో స్కేలు ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది. అయిదో పేజీలో ఒక చోట ఊపిరాడదని రాశాడు, పదకొండులో ఒక పేరా పైకి జరపమన్నాడు. ఎనిమిదో పేజీలో ఆ ఆరు లైన్ల చుట్టూ నీటుగా పెన్సిల్ గీత గీసి, పక్కన రాశాడు. "ఇక్కడ తిప్పడం కష్టం. ఈ ఆరూ తీసేస్తే పేజీ చక్కగా ముగుస్తుంది."

"సార్ చెప్పారంటే సరే, తీసేద్దాం" అని స్కేలు పెన్ను తీసింది. రాయబోయి ఆగింది. నమూనా తెరిచి చూసింది. జుట్టులోంచి స్కేలు తీసి ఊరికే పేజీ మీద పెట్టింది, మళ్ళీ తీసింది.

"ఏమే ఎడిటరమ్మా, ఎనిమిది ఎడమ పేజీ కదా?"

"అయితే?"

"ఎడమ పేజీ చివర తిప్పేదేముంది? పక్కనే తొమ్మిదుంది. సార్ ఇంత పెద్ద పొరపాటు చేయరే. ఇన్నేళ్ళలో ఎడమ పేజీ మీద పెన్సిల్ పెట్టడం నేను చూడలేదు."

నేనూ చూడలేదు. స్కేలుకి అప్పుడు సంగతంతా చెప్పాను. విని, "అబద్ధమాడటం కూడా రాదు పాపం ఆయనకి" అంది. నేను ఆ పేజీ పట్టుకుని లైబ్రరీకి నడిచాను. నడిచానని రాస్తున్నాను గానీ, ఆ వరండాలో ఉన్నవాళ్ళంతా గోడకి అతుక్కుని దారిచ్చారు.

బాబాయి రబ్బరుతో ఏదో చెరుపుతున్నాడు. పేజీ ఆయన ముందు పెట్టాను.

"ఏంటిది బాబాయ్?"

"రాశానుగా. తిప్పడం కష్టం."

"ఎడమ పేజీలోనా?"

పేజీ చూశాడు. చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దొరికిపోయిన పిల్లాడిలా ఉంది ముఖం. నాకు నవ్వు రావాలి, కానీ ఏడుపొచ్చింది.

"నువ్వేం చేయలేదని బుడ్డే చెప్పింది కదా. తన నోటితో చెప్పింది. దాన్ని కొట్టేసే హక్కు నీకెవరిచ్చారు?"

"చెప్పనీ. నోటి మాట నాలుగు రోజులుంటుంది, పోతుంది. అచ్చయితే పోదు. ఈ పత్రిక కాపీకి నంబరు వేసి ఆ బీరువాలో పెట్టేది ఎవరనుకున్నావ్? నేనే. రేపు ఆ పిల్ల ఎంత పెద్దదైనా, ఎవడో ఒకడు వచ్చి బీరువా తెరిచి, పదిహేడేళ్ళప్పుడు భయపడి నోరు మూసుకుందిట అని చదువుతాడు. ఆ కాగితం తీసి వాడి చేతిలో పెట్టాల్సింది కూడా నేనే. నా వల్ల కాదమ్మా."

"మరి నీ పేరో? రెండేళ్ళుగా అందరూ నిన్నేమంటున్నారో తెలుసా?"

"తెలుసు. నేను చెవిటివాణ్ణి కాదుగా." రబ్బరు పొట్టు అరచేత్తో ఒక పక్కకి తోశాడు. "ఒకటడుగుతాను. ఆ ఆరు లైన్లు నువ్వు ఎవరికోసం వేస్తున్నావ్?"

"నీ కోసం!"

"నిజంగా?"

ఆయన మళ్ళీ రబ్బరు తీసుకున్నాడు. పేజీ అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను.

బుడ్డి మూడో గదిలో సాధన చేస్తోంది. తలుపు తీసి, ఆయన వద్దంటున్నాడని, ఆ లైన్లు తీసేయాల్సొస్తుందని చెప్పాను. ఆమె పియానో మూత వేసి లైబ్రరీకి వెళ్ళింది. అద్దాల తలుపు అవతల ఇద్దరూ కనిపిస్తున్నారు గానీ మాటలు వినపడలేదు. బుడ్డి నిలబడే మాట్లాడింది. బాబాయి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చివరికి ఆమె బల్ల మీద వంగి ఏడుస్తుంటే, రబ్బరు పొట్టు అంటుతుందని ముందు బల్ల తుడిచి, ఆ తర్వాత తల మీద చెయ్యి వేశాడు.

ముక్కు ఎగబీలుస్తూ బయటికొచ్చింది.

"లైన్లు తీసెయ్. కచేరీలో పేజీలు సారే తిప్పుతారు. వేరేవాళ్ళని కూర్చోపెడితే వాయించనని ఆఫీసులో చెప్పేసి వస్తా. మొదలుపెట్టే ముందు జరిగింది హాల్లో అందరికీ నోటితోనే చెప్తాను. అది కూడా వద్దన్నారు, నేను వినదలుచుకోలేదు."

అంటే బాబాయి పేరు నిలబడుతుంది. స్టేజీ ఎక్కుతాడు. నాకు కావలసినదంతా జరుగుతోంది. సంతోషంతో ఎగిరి గంతెయ్యాలి నేను. కానీ ఆయన అడిగిన ప్రశ్న చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఎనిమిదో పేజీలో ఆరు లైన్ల ఖాళీ మిగిలితే స్కేలు అక్కడ ఒక చిన్న పియానో బొమ్మ వేసి పూడ్చింది. నేనైతే బాగుందో లేదో కూడా చెప్పలేకపోయాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పిన్ని ఇంకా రాలేదు. బాబాయి వంటింట్లో బల్ల ముందు కూర్చుని బఠాణీలు వలుస్తున్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఒక కాయ తీసుకున్నాను.

"ఆ లైన్లు తీసేశాం."

"మంచిది."

"నీ కోసం వేద్దామనుకోలేదు బాబాయ్." ఒకసారి మొదలుపెట్టాక ఇంక ఆగలేదు. "ఆ రోజు నేనన్న మాటలు వెనక్కి తీసుకోవడానికి నాకు ముఖం చెల్లలేదు. అందుకని బుడ్డి చెప్పింది అచ్చేసి నీ ముందు పెట్టేస్తే, నేను విడిగా చెప్పక్కర్లేదు కదా అనుకున్నాను. తప్పయింది. అందరిలాగే నేనూ నమ్మేశాను. క్యాంటీన్‌లో వాళ్ళతో కలిసి నవ్వాను కూడా."

"తెలుసు. ఆ రోజు టీ కోసం వచ్చి తలుపు దగ్గరే ఉన్నాను."

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆయన మాత్రం వలుస్తూనే ఉన్నాడు.

"మిగతా వాళ్ళేమనుకున్నా నాకు పట్టలేదమ్మా. ఆ మాట నేనే చెప్పాను, వాళ్ళు నమ్మారు, అందులో వాళ్ళ తప్పేముంది? నువ్వు నమ్మావు చూడు, అది మాత్రం బాధేసింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు కదా నా చెయ్యి. ఒక్కసారైనా, నిజమేనా బాబాయ్ అని అడుగుతావేమో అనుకున్నాను."

"అడిగితే చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు. "అయినా అడగొచ్చుగా."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పట్టుకోలేదు, ఏడ్చాను. ఆయన లేచి మంచినీళ్ళు తెచ్చి పెట్టి, మళ్ళీ తన చోట కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ చేసి, ముక్కు తుడుచుకుని, రెండేళ్ళ కిందట అన్నం పళ్ళెం ముందు అడగాల్సినది అప్పుడు అడిగాను.

"బాబాయ్, ఆ రోజు పేజీలు నిజంగా అంటుకుపోయాయా?"

ఆయన చేతిలో కాయ పూర్తిగా వలిచి, గింజలు గిన్నెలో వేసి, నా వైపు చూశాడు.

"లేదు తల్లీ" అన్నాడు. "అంటుకోలేదు."